విదేశీ చిత్రములు, సెన్సారు, కృత్రిమ మేధ: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

చిత్తూరు సీమలో ధర్మరాజుల గుడి గల గ్రామములలో భారతము జరిపించుట తరతరముల ఆచారము. పగలు హరికథ, రాత్రి వీధినాటకము, ఈ విధముగా 18 దినములు సాగును. అర్జునుడు తపస్సు మాను ఎక్కిన నాడు సంతానము కోరు స్త్రీలు తడిబట్టలతో దాని చుట్టును సాగిలపడి వరము పట్టుదురు. కడపటి దినమున ఊరి బయలులో మట్టితో చేసి పరుండబెట్టిన దుర్యోధనుని తొడను భీమవేషధారి గదతో మోదును. నాటి సాయంకాలము అగ్నిగుండము. కథ అందరికిని తెలిసినదే. అయినను చుట్టుప్రక్కల పల్లెలన్నియు బండ్లు కట్టుకొని, నేడు ట్రాక్టర్లు కట్టుకొని, ఆ ఘట్టమును చూచుటకు వచ్చును.

ఒక సంవత్సరము నాటక బృందము వారు వచ్చి, “ఈ మారు దుర్యోధనుడు చనిపోడు. భీమునితో రాజీపడి ఇంటికి పోవును. చూచువారికి సంతోషముగా నుండును” అని చెప్పిరనుకొందము. ఊరి పెద్దలు ఇచ్చిన బయానా వెనుకకు అడుగుదురు. వేషములు, బట్టలు, పాటలు వారివే కావచ్చును. కాని ఊరు పిలిపించినది భారతమును. దాని ముగింపును మార్చి, పేరు మాత్రము అదియే ఉంచుట ఎవరికిని సమ్మతము కాదు.

ఇటువంటి పనియే 2025 ఆగస్టు 1వ తేదీన ఒక చలనచిత్రమునకు జరిగినది. 2013లో ‘రాంఝనా’ అను హిందీ చిత్రము వెలువడినది. ధనుష్, సోనమ్ కపూర్ నటించిన ఈ చిత్రమును ఆనంద్ ఎల్. రాయ్ దర్శకత్వము వహించి తీసెను. అదియే తమిళమున ‘అంబికాపతి’ అను పేర ప్రదర్శింపబడినది. కథానాయకుడు చివర మరణించును. పండ్రెండు సంవత్సరములు గడచిన పిమ్మట, చిత్రముపై హక్కులుగల ఈరోస్ సంస్థ వారు తమిళ ప్రతిలోని ఆ ముగింపును కృత్రిమ మేధ సహాయమున మార్చి, నాయకుడు బ్రతికినట్లు చూపి, తమిళనాట మరల విడుదల చేసిరి. దర్శకుడును, నటుడును బహిరంగముగా నిరసన తెలిపిరి. తమ అనుమతి లేకయే మార్చిరనియు, కథ ప్రాణమే పోయినదనియు వారి వాదము. హక్కులు తమవి గనుక చట్టము తమ పక్షముననే ఉన్నదని సంస్థవారి వాదము.

వెల్లూరు, తిరుత్తణి మన సరిహద్దుకు ఎంత దూరము? చిత్తూరు, నగరి ప్రాంతముల వారు తమిళ చిత్రములను తమిళముననే చూచి ఆనందింతురు. కనుక ఈ వ్యవహారము ఎక్కడిదో పరదేశపు వింత కాదు. చలనచిత్రము నేడు జాతరలో తెరకట్టి చూపునది, కేబులులో వచ్చునది, పిల్లవాని చేతిలోని ఫోనులో తిరుగునది. ఊరిలో ఒక చిత్రము పైన తగవు పుట్టినపుడు మొట్టమొదట తలుపు తట్టునది సర్పంచిదో, వార్డు సభ్యునిదో. అందువలన సెన్సారు అనగా నేమి, అది ఎంతవరకు చేయగలదు, క్రొత్తగా వచ్చిన ఈ యంత్రవిద్య దానిని ఏ చిక్కులో పెట్టుచున్నది అను సంగతులను సభ్యులు తెలిసికొనుట అవసరము.

సెన్సారు పుట్టుక

మన దేశమున చలనచిత్రముల తనిఖీకి మొదటి చట్టము 1918లో వచ్చినది. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూనులలో సెన్సారు బోర్డులు ఏర్పడినవి. నాడు మన జిల్లా మద్రాసు రాజధానిలోనిది గనుక మన ప్రజలు చూచిన చిత్రములకు మద్రాసు బోర్డుదే అధికారము. పరాయి ప్రభుత్వమునకు నీతి కంటె రాజ్యభద్రతయే ముఖ్యముగా నుండెడిది. చరఖా కనిపించినను, గాంధీ టోపీ కనిపించినను అనుమానమే.

ఒక్క ఉదాహరణము మన ప్రాంతమునకు దగ్గరిది. గూడవల్లి రామబ్రహ్మము 1939లో ‘రైతుబిడ్డ’ తీసెను. జమీందారీ విధానము క్రింద నలిగిన రైతు కథ అది. వెంకటగిరి, బొబ్బిలి జమీందారులు అభ్యంతరము తెలిపిరి. కొన్ని చోట్ల ప్రదర్శన నిషేధింపబడెను. ఆ చిత్రమునకు వెనుక నిలిచి ధనము పెట్టిన చల్లపల్లి రాజా సహితము జమీందారే యగుట విచిత్రము. ఆ వెంకటగిరి 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. నేడు అచ్చటి రైతు ఆ చిత్రమును ఫోనులో చూడదలచినచో అడ్డుపెట్టు జమీందారు లేడు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1951లో దేశమంతటికి ఒకే సెన్సారు మండలి ఏర్పడినది. 1952లో సినిమాటోగ్రాఫ్ చట్టము వచ్చినది. నేటికిని పని చేయుచున్నది ఆ చట్టమే. రాజ్యాంగము 19వ అధికరణము భావప్రకటన స్వాతంత్ర్యమును ఇచ్చినది. అదే అధికరణము దేశభద్రత, శాంతిభద్రతలు, సభ్యత, నీతి మొదలగు కారణములచే సమంజసమైన ఆంక్షలను విధించుటకు వీలు కల్పించినది. చిత్రములను ముందుగానే తనిఖీ చేయుట ఈ హక్కునకు భంగము కాదా అని కె.ఎ. అబ్బాస్ అను ప్రసిద్ధ రచయిత, దర్శకుడు సుప్రీంకోర్టునకు ఎక్కెను. 1970లో న్యాయస్థానము ముందస్తు తనిఖీ చెల్లునని తీర్పు చెప్పినది. కదలు బొమ్మ మనస్సు మీద చూపు ప్రభావము అచ్చుపుస్తకము చూపు ప్రభావము కంటె వేరైనదని న్యాయమూర్తులు భావించిరి. చదువురాని వానికి పుస్తకము మూగది, చిత్రము మాత్రము మాటలాడును గదా.

1983లో మండలి పేరులోని ‘సెన్సారు’ మాటను తొలగించి ‘ధ్రువీకరణ’ అను మాటను చేర్చిరి. జనులు మాత్రము సెన్సారు బోర్డు అనియే అందురు. నేనును అట్లే వ్రాయుచున్నాను. ప్రధాన కార్యాలయము ముంబాయిలో కలదు. తెలుగు చిత్రములు ఎక్కువగా హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయమునకును, తమిళ చిత్రములు చెన్నైకిని పోవును. ఎక్కడ ఇచ్చిన పత్రమైనను దేశమంతట చెల్లును. అందరును చూడదగిన చిత్రమునకు ‘యు’, పెద్దలకు మాత్రమే అగుదానికి ‘ఎ’, వైద్యులవంటి ప్రత్యేక వర్గములకు ‘ఎస్’ పత్రము లభించును. నడుమనున్న ‘యుఎ’ తరగతిని 2023 సవరణ చట్టము 7+, 13+, 16+ అని మూడుగా విభజించినది. ఇది తల్లిదండ్రుల మార్గదర్శనమునకు ఉద్దేశింపబడినది. 7+ అని యుండగా ఆరేండ్ల బిడ్డను వాకిటనే ఆపవలెనని అర్థము కాదు. ‘ఎ’ చిత్రమునకు మాత్రము పిల్లలను రానీయకూడదు. పత్రము చెల్లుబాటు మునుపు పది సంవత్సరములు. ఇపుడు శాశ్వతము.

మండలి నిర్ణయము నచ్చని నిర్మాతకు పునఃపరిశీలన సంఘము కలదు. దాని తరువాత 2021 వరకు ఒక అప్పీలు ట్రిబ్యునలు ఉండెడిది. దానిని రద్దు చేయుటచే ఇపుడు హైకోర్టునకే పోవలెను. ఇది చిన్న నిర్మాతలకు భారమని నా అభిప్రాయము.

కత్తెర పోయి కుంచె వచ్చినది

విదేశములనుండి తెచ్చిన చిత్రమునకు కూడ ఈ చట్టమే. మన దేశమున బహిరంగముగా ప్రదర్శింపవలెనన్నచో మండలి పత్రము కావలెను. ఇంగ్లీషు చిత్రమును తెలుగులోనికి డబ్బింగు చేసినచో ఆ తెలుగు ప్రతికి వేరుగా పత్రము తీసికొనవలెను. మండలి కోరిన మార్పులకు దిగుమతిదారు ఒప్పుకొనవచ్చును, పోరాడవచ్చును, లేదా చిత్రమును విడుదల చేయకయే యుండవచ్చును. 2012లో ‘ది గర్ల్ విత్ ది డ్రాగన్ టాటూ’ దర్శకుడు కోతలకు అంగీకరింపలేదు. ఆ చిత్రము మన దేశమున విడుదల కాలేదు. 2013లో ‘బ్లూ జాస్మిన్’ దర్శకుడు వుడీ ఆలెన్ పొగత్రాగు దృశ్యముల క్రింద హెచ్చరిక వ్రాతలు వేయుటకు ఒప్పుకొనలేదు, అదియును రాలేదు. వారి పట్టుదల మనకు నచ్చినను నచ్చకున్నను, ఒక మేలున్నది. చూడని చిత్రమును చూడలేదని మనకు తెలిసినది.

పూర్వము మార్పు అనగా కోతయే. ఫిల్మును కత్తిరించి అతికించెడివారు. మాట అసభ్యమైనచో శబ్దము ఆపెడివారు, లేదా దానిపై ‘కూ’ అను ధ్వనిని వేసెడివారు. దృశ్యమును మసకబరచెడివారు. 2025లో వచ్చిన ‘సూపర్‌మాన్’ చిత్రములో 33 సెకనుల ముద్దు దృశ్యము తొలగింపబడినపుడు, అచ్చట ఏదో పోయినదని చూచువారు కనిపెట్టిరి. కోత ఎంత నేర్పుగా చేసినను మచ్చ మిగులును.

నా చిన్ననాట మా ఊరి టూరింగ్ టాకీసులో ఆపరేటరు రెండవ ఆట ముగించి త్వరగా ఇల్లు చేరుటకై ఒక రీలు దాటవేసెడివాడు. కథానాయిక పుట్టింట ఏడ్చుచుండగా మరుక్షణమున అత్తింట నవ్వుచు కనిపించెడిది. నేలపై కూర్చున్న వారందరును ఒక్కసారిగా ఈలలు వేసి, అరచి, రీలు పెట్టించెడివారు. అక్షరము రాని ముసలమ్మ కూడ కోతను పట్టగలిగెడిది. ఈ చిన్న సంగతిలో ప్రేక్షకుని హక్కు అంతయు ఉన్నది.

మార్పు చేయు రెండవ మార్గము, బొమ్మపై బొమ్మ వ్రాయుట. 2023 జులైలో విడుదలైన ‘ఓపెన్‌హైమర్’ చిత్రములో నగ్నముగా కూర్చున్న నటి దేహముపై మన దేశపు ప్రతిలో కంప్యూటరుతో గీసిన నల్లని గౌను తొడిగిరి. 2025 జూన్‌లో వచ్చిన ‘ఎఫ్1’ చిత్రములో ఫోను తెరపై కనిపించు అసభ్యమైన వ్రేలి గుర్తు స్థానమున పిడికిలి గుర్తును పెట్టిరి. ఇచ్చట కోత లేదు, నిడివి తగ్గలేదు, ఈల వేయుటకు కారణము లేదు. మూల ప్రతిని చూచినవాడు చెప్పినగాని మార్పు జరిగినట్లు తెలియదు.

చిత్రము సెకనుకు 24 బొమ్మలతో నడచును. ఒక్క నిమిషపు దృశ్యములో 1,440 బొమ్మలు. వీటినన్నింటిని చేతితో దిద్దవలెనన్నచో చిత్రకారులకు వారములు పట్టెడిది, ధనమును చాల అయ్యెడిది. కృత్రిమ మేధ ఈ శ్రమను తొలగించినది. ఒక ముఖమునకు చెందిన వేలకొలది బొమ్మలను యంత్రమునకు చూపుదురు. ‘ప’ అనునపుడు పెదవులు కలియుట, ‘ఆ’ అనునపుడు దవడ దిగుట, తల త్రిప్పినపుడు నీడ చెంపపై జరుగుట, ఇవి యన్నియు యంత్రము లెక్కల రూపమున గ్రహించును. పిమ్మట లేని కదలికను ఉన్నట్లుగా తానే గీయును. అది ఆలోచించి చేయునది కాదు. చూచిన వానిని బట్టి తరువాత ఏమి రావచ్చునో లెక్కగట్టి చేయునది.

దీనివలన మేలు లేకపోలేదు. తెలుగున మొదటి డబ్బింగు చిత్రము ‘ఆహుతి’ 1950లో వచ్చినది. హిందీ చిత్రమునకు తెలుగు మాటలను, పాటలను శ్రీశ్రీ వ్రాసెను. తెరపై పెదవి ఎచ్చట మూతపడునో అచ్చట ప, బ, మ లలో ఒకటి పడునట్లు మాటను వెదకుట డబ్బింగు రచయితకు తప్పని శ్రమ. ఇపుడు మాటను పెదవికి అమర్చుట పోయి, పెదవినే మాటకు అమర్చు కాలము వచ్చినది. 2022లో ‘ఫాల్’ అను అమెరికా చిత్రములో ముప్పదికి పైగా బూతుమాటలుండుటచే పిన్నలు చూడవీలగు తరగతి లభింపదని తోచినది. నటులను మరల పిలిచి చిత్రీకరింపక, వారి నోటి కదలికలనే యంత్రముచే మార్పించి, వేరు మాటలు పలికినట్లు చేసిరి. ఆ పని చేయించినవాడు దర్శకుడే, నటులును సహకరించిరి. ఇట్టి దానియందు తప్పు పట్టుటకేమియు లేదు. పశువైద్యము గూర్చియో, బిందుసేద్యము గూర్చియో ఇతర భాషలో తీసిన మంచి చిత్రము మన రైతు భాషలో, పెదవి తప్పకుండ పలికినచో ఎంత ఉపకారము! భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన ‘భాషిణి’ పథకము భాషల నడుమ ఇట్టి వంతెనలు కట్టుటకే.

తగవు వచ్చునది మార్పించినవాడు మార్చు హక్కు లేనివాడైనపుడు, లేదా చూచువానికి తెలియనీయకుండ మార్చినపుడు.

చైనాలో జరిగినది

ఇందుకు స్పష్టమైన తార్కాణము చైనా దేశమున లభించినది. ‘టుగెదర్’ అను చిత్రమును ఆస్ట్రేలియా దర్శకుడు మైకేల్ షాంక్స్ తీసెను. ఆలిసన్ బ్రీ, డేవ్ ఫ్రాంకో అను నిజజీవిత దంపతులు అందు నటించిరి. దానిలో ఇద్దరు పురుషుల వివాహ దృశ్యము కలదు. 2025 సెప్టెంబరులో చైనాలోని కొన్ని సినిమాశాలలలో ముందస్తు ప్రదర్శనలు జరిగినవి. అచ్చటి ప్రతిలో ఆ ఇద్దరిలో ఒకరి ముఖము స్త్రీ ముఖముగా మారియున్నది. పెండ్లి పెండ్లియే, అతిథులు అతిథులే, వరుని ప్రక్కన మాత్రము వధువు. విదేశములలో మూల చిత్రమును చూచినవారి వద్దనుండి వచ్చిన బొమ్మలను తమ తెరపై చూచిన దానితో ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుకొనిన పిమ్మటనే చైనా ప్రేక్షకులకు మోసము తెలిసినది.

చిత్రమును ప్రపంచమున పంపిణీ చేయు నియాన్ సంస్థ, తమ అనుమతి లేకయే ఈ మార్పు జరిగినదని ఖండించి, ప్రదర్శనలను ఆపవలసినదిగా కోరినది. సెప్టెంబరు 19న జరుగవలసిన విడుదల నిలిచిపోయినది.

చైనాలో ఇంతకు మునుపు కూడ విదేశీ చిత్రముల ముగింపులు మారినవి. 2022 జనవరిలో ‘ఫైట్ క్లబ్’ చిత్రమును అచ్చటి ఒక ఇంటర్నెట్ సంస్థ చూపునపుడు భవనములు కూలు చివరి దృశ్యము స్థానమున, పోలీసులు ముందే కుట్రను ఛేదించిరని తెలుపు అక్షరములు మాత్రము చూపిరి. అక్షరములు గనుక ప్రేక్షకులు వెంటనే గుర్తించి పరిహసించిరి. కొలది వారములలోనే తొలగించిన భాగములో చాలవరకు మరల చేర్చిరి. రెండు సంఘటనలను పోల్చి చూడుడు. మొదటిదానిలో తెరపై నల్లని పలక కనిపించినది. రెండవదానిలో పెండ్లికూతురు కనిపించినది. పలక తాను సెన్సారునని ఒప్పుకొనును. పెండ్లికూతురు ఒప్పుకొనదు.

కోత కంటె ఈ మార్పు ప్రమాదకరమని నేననుటకు కారణమిదియే. ఏది తగును, ఏది తగదు అని ప్రతి దేశమును తన పద్ధతిన నిర్ణయించుకొనవచ్చును. ప్రజాప్రభుత్వమున ఆ నిర్ణయము పై వాదింపవచ్చును, కోర్టునకు పోవచ్చును, పత్రికలో వ్రాయవచ్చును. కాని జరిగినదే తెలియనపుడు వాదించుట ఎట్లు?

దావించి కోడ్ వ్యవహారము

నిర్ణయము బహిరంగముగా నున్నచో ఏమి జరుగునో మన రాష్ట్రపు అనుభవమే చెప్పును. 2006లో ‘ది దావించి కోడ్’ అను ఇంగ్లీషు చిత్రము వచ్చినది. క్రైస్తవ విశ్వాసములకు సంబంధించిన కథ గనుక కొన్ని సంఘములు అభ్యంతరము తెలిపినవి. సెన్సారు మండలి ‘ఎ’ పత్రము ఇచ్చి, ఇది కల్పిత గాథయని తెలుపు ప్రకటనను చేర్పించినది. అయినను నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శాంతిభద్రతల కారణము చూపి, 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టము క్రింద ప్రదర్శనను నిలిపివేసినది. పంపిణీదారులు హైకోర్టునకు పోయిరి. ఆ 2006 జూన్‌లోనే హైకోర్టు నిషేధమును కొట్టివేసినది.

దీనికి ముందే 1989లో సుప్రీంకోర్టు ఒక తమిళ చిత్రము విషయమున మార్గము చూపినది. ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అను ఆ చిత్రము రిజర్వేషన్ల విధానమును విమర్శించినది. మద్రాసు హైకోర్టు దాని పత్రమును రద్దు చేయగా సుప్రీంకోర్టు పునరుద్ధరించినది. ఊరేగింపులు చేయుదుము, అల్లరి చేయుదుము అను బెదరింపులకు లొంగి ప్రభుత్వము భావప్రకటనను అణచరాదనియు, శాంతిని కాపాడుట ప్రభుత్వపు విధియనియు ఆ తీర్పు సారాంశము.

పంచాయతీ సభ్యులు ఈ రెండు తీర్పులను మనస్సున నుంచుకొనవలెను. “ఈ సినిమా మా కులమును కించపరచినది, ఊరిలో ఆడనీయము” అని కొందరు వచ్చినచో, చిత్రమునకు పత్రము ఉన్నంతవరకు దానిని ఆపు అధికారము పంచాయతీకి లేదు. చేయదగినది వారి వినతిని వ్రాతమూలముగా తీసికొని రెవెన్యూ, పోలీసు అధికారులకు పంపుట. చావడిలో కూర్చుండి చిత్రమును చూడకయే తీర్పు చెప్పుట మాత్రము చేయదగదు.

గొంతుక కూడ ఆస్తియే

ముఖమునకు జరిగినది గొంతుకకును జరుగుచున్నది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము శ్రీకాళహస్తిలో, తిరుపతిలో చదువుకొనిన వాడు. ఆయన 2020 సెప్టెంబరు 25న గతించెను. 2023లో వచ్చిన ‘కీడా కోలా’ అను తెలుగు చిత్రములో కృత్రిమ మేధచే పుట్టించిన ఆయన కంఠస్వరమును తమ అనుమతి లేకయే వాడిరని కుటుంబమువారు 2024 ఆరంభమున చట్టపరమైన నోటీసు ఇచ్చిరి. ఆ దినములలోనే ఎ.ఆర్. రహమాన్ ‘లాల్ సలామ్’ చిత్రమునకు గతించిన ఇద్దరు గాయకుల స్వరములను ఇదే విధముగా పుట్టించెను. అయితే ముందుగా వారి కుటుంబముల అనుమతి పొంది, తగిన ప్రతిఫలము ఇచ్చినట్లు తెలిపెను. యంత్రము ఒక్కటే. అడుగుట, అడుగకపోవుట, ఇంతే భేదము.

2023 నవంబరులో నటి రష్మిక ముఖమును వేరొక స్త్రీ దేహమునకు అతికించిన వీడియో దేశమంతట ప్రాకినది. 2024 జనవరిలో దిల్లీ పోలీసులు అరెస్టు చేసినది గుంటూరు ప్రాంతపు యువకుని. సినిమా తారకు జరిగినది రేపు మన ఊరి కళాశాల విద్యార్థినికి జరుగవచ్చును. అట్టి ఫిర్యాదు వచ్చినపుడు “నలుగురిలో పరువు పోవును, ఊరుకొనుము” అని ఆ బిడ్డకు చెప్పకుడు. 1930 నంబరునకు గాని, పోలీసు ఠాణాకు గాని వెంటనే తెలుపునట్లు చేయుడు. ఆ వీడియోను ‘ఎంత ఘోరమో చూడుడు’ అని ఇతరులకు పంపువాడు కూడ నేరములో భాగస్వామి యగును.

చట్టమేమి చెప్పుచున్నది

1952 చట్టము 7వ సెక్షను ప్రకారము పత్రము లేని చిత్రమును ప్రదర్శించుటయే కాక, పత్రము పొందిన పిమ్మట చిత్రమును అధికారము లేకుండ ఏ విధముగానైన మార్చుటయు నేరమే. మూడు సంవత్సరముల వరకు కారాగారము, జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. నిర్మాత తానే మార్పు చేయదలచినను మండలికి తెలిపి పత్రముపై వ్రాయించుకొనవలెను. ఈ చట్టము వ్రాసిననాడు కృత్రిమ మేధ లేదు. అయినను ‘ఏ విధముగానైన’ అను మాట నేటికిని పనికివచ్చుచున్నది.

హక్కుల చట్టము మాత్రము అంత సూటిగా లేదు. 1957 కాపీరైటు చట్టము 57వ సెక్షను, కర్త తన కృతిని వికృతపరచుటను అడ్డుకొనవచ్చునని చెప్పును. కాని చలనచిత్రమునకు కర్త ఎవరు? అదే చట్టము నిర్మాతయని చెప్పును, దర్శకుడని చెప్పదు. అందుచేతనే ‘రాంఝనా’ వంటి వ్యవహారములలో దర్శకుని గోడు న్యాయముగా తోచినను చట్టమున దానికి గట్టి ఆధారము దొరకుట కష్టము. నటులకు, గాయకులకు 2012 సవరణ కొంత రక్షణ ఇచ్చినది. తమ కీర్తికి భంగము కలుగునట్లు తమ ప్రదర్శనమును వికృతపరచినచో వారు అడ్డుకొనవచ్చును. దర్శకుడు కూడ కర్తయేయని చట్టము ఒప్పుకొనవలెనని నాకు తోచును. అది పార్లమెంటు నిర్ణయింపవలసిన విషయము.

ఇంటర్నెట్ ద్వారా వచ్చు చిత్రములు, ధారావాహికలు సెన్సారు మండలి పరిధిలోనికి రావు. వానికి 2021 నాటి సమాచార సాంకేతిక నియమములు వర్తించును. సంస్థలే వయస్సును బట్టి తరగతి నిర్ణయించి చూపవలెను. ఆ నియమములకు చేసిన సవరణ 2026 ఫిబ్రవరి 20 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము కృత్రిమముగా సృష్టించిన దృశ్యములకు, ధ్వనులకు ఆ సంగతి తెలుపు గుర్తు స్పష్టముగా ఉండవలెను. సినిమాశాలలోని తెరకు కూడ ఇట్టి గుర్తు ఏల ఉండరాదు? పొగత్రాగు దృశ్యము క్రింద హెచ్చరిక వేయుచున్నాము గదా. ‘ఈ దృశ్యము యంత్రముచే మార్పబడినది’ అను ఒక్క పంక్తి వేసినచో దర్శకుని గౌరవమును, ప్రేక్షకుని హక్కును కొంతవరకు నిలుచును.

జాతరలో ప్రదర్శన

గంగజాతరకో, తిరునాళ్ళకో పంచాయతీ స్థలమున తెరకట్టి సినిమా చూపుటకు ఎవరైన అడిగినపుడు, ముందుగా సెన్సారు పత్రము నకలును అడుగవలెను. పత్రముపై చిత్రము పేరు, భాష, తరగతి, నిడివి ఉండును. రెండవ భాగమున మండలి చేయించిన కోతలు, మార్పులు వ్రాసియుండును. తమిళ ప్రతి పత్రము చూపి తెలుగు డబ్బింగును ఆడించుట కుదరదు. ‘ఎ’ పత్రముగల చిత్రమును పిల్లలు తిరుగు ఆరుబయట చూపరాదు. హక్కుదారుల అనుమతిని కూడ అడుగుడు. అనుమతి లేకుండ చిత్రమును నకలు తీయువారికి, అట్టి నకలును ప్రదర్శించువారికి 2023 సవరణ ప్రకారము మూడు మాసములకు తగ్గని కారాగారము, మూడు లక్షలకు తగ్గని జరిమానా కలవు. స్థలమిచ్చిన పంచాయతీకి ఈ చిక్కు తగులుకొనకుండ చూచుకొనుట కార్యదర్శి పని.

పత్రములోని నిడివిని గడియారముతో సరిచూచుట పూర్వము మంచి పరీక్ష. యంత్రము చేసిన మార్పును గడియారము పట్టలేదు. ముఖము మారినను నిమిషములు మారవు. కనుక ప్రదర్శకునిచే, తాను చూపబోవు ప్రతి మండలి ధ్రువీకరించిన ప్రతియే యని ఒక కాగితముపై వ్రాయించి సంతకము తీసికొని, జాతర లెక్కలతో పాటు పంచాయతీ కార్యాలయమున భద్రపరచుడు. ప్రదర్శన పిమ్మట ఎవరైన వచ్చి, “నేను తమిళములో చూచినపుడు వాడు చచ్చిపోయెను, ఇచ్చట బ్రతికినాడేమి?” అని అడిగినచో, నవ్వి పంపివేయక ఆ కాగితము నకలును, పత్రము నకలును జతపరచి హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయమునకు ఒక లేఖ వ్రాయుడు.